ముగింపు చెప్పనివ్వని అన్నయ్యగారు

మొన్న ఆదివారం బందరులో మా పుస్తకాల గుంపు కూర్చున్నప్పుడు, గుడ్లవల్లేరు నుంచి కొత్తగా వస్తున్న ఒక లెక్చరరమ్మాయి తను చదివిన నవల గురించి ఉత్సాహంగా చెప్తూ చెప్తూ, "చివరికి ఏమవుతుందంటే..." అంది. అంతే, గదిలో ఉన్నవాళ్ళందరి అరచేతులూ ఒక్కసారి గాల్లోకి లేచాయి, రోడ్డు మీద బస్సు ఆపుతున్నట్టు. పాపం ఆ అమ్మాయి బిత్తరపోయింది. మాకు నవ్వొచ్చింది. అలా చెయ్యెత్తడం మాలో ఎవరి అలవాటూ కాదు, అన్నయ్యగారిది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే బందరులో సగంమంది "ఓ, కళ్ళజోళ్ళాయనా!" అంటారు, మిగతా సగం "ఆయన కథలు కూడా చదివేవాడా?" అంటారు. రెండూ ఆయనకి నచ్చవు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మొదటిసారి చూసినప్పుడే "రా చెల్లెమ్మా" అన్నారు, నేను "వస్తున్నా అన్నయ్యగారూ" అన్నాను. క్రమంగా మా గుంపులో అందరికీ ఆయన అన్నయ్యగారే అయిపోయారు, ఆయనకంటే పెద్దవాళ్ళకి కూడా.

మా గుంపంటే పెద్ద సంఘమేం కాదు. వేరే గ్రహాలూ, మంత్రగాళ్ళూ, రెక్కల గుర్రాలూ, కాలంలో వెనక్కి తీసుకుపోయే యంత్రాలూ ఉన్న నవలలంటే ప్రాణం పెట్టేవాళ్ళం కొందరం. మా వైపు అలాంటివాళ్ళని వెతికి పట్టుకోవడమే కష్టం. గుడివాడలో మందుల షాపు నడుపుకునే నేను, పెడనలో కలంకారీ అద్దకం చేయించే ఒకాయన, అవనిగడ్డ నుంచి ఒక డాక్టరమ్మ, ఇంకా ఇద్దరు ముగ్గురు. ఇళ్ళలో ఈ సంగతులు మాట్లాడితే "ఈ వయసులో దయ్యాల కథలేంటి" అంటారు. అందుకని నెలకో ఆదివారం అన్నయ్యగారి కళ్ళజోళ్ళ షాపు పైన గదిలో చేరి, ఎవరేం చదువుతున్నారో చెప్పుకుంటాం.

అక్కడ ఆయన పెట్టిన రూలు ఒక్కటే. ఇప్పుడు చదువుతున్న పుస్తకం గురించే చెప్పాలి, అదీ చదివినంతవరకే. ఎవరైనా "అది చదివేశానండీ" అంటే, "అయ్యో, అయిపోయిందా!" అనేవారు. ఆ గొంతులో ఎంత జాలి ఉండేదంటే, ఇంట్లో మనిషి పోయినవాళ్ళని పలకరిస్తున్నట్టు ఉండేది. నాకు పుస్తకం దొరికితే ఆపుకోలేను, అన్నం కూడా మానేసి రెండు రోజుల్లో నమిలేస్తాను. కాబట్టి ఆ గదిలో ఎక్కువ పరామర్శలు అందుకున్నది నేనే. ఒకసారి ఒళ్ళుమండి, "మీరు నత్తలాగా చదివి, దాన్నొక సిద్ధాంతం చేసి మా నెత్తిన రుద్దుతున్నారు" అన్నాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. "అవును చెల్లెమ్మా, తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి, ఇంగ్లీషు పుస్తకం నాకు నెమ్మదిగానే కదులుతుంది. ఎక్కువరోజులు అక్కడుండొచ్చు, మంచిదేగా" అన్నారు.

'అక్కడుండొచ్చు' అన్న మాట ఆయన ఊరికే అనలేదు. ఆయన నిజంగా అక్కడే ఉండేవారు. మేమంతా "హీరో కోటలో ఇరుక్కున్నాడు" అని చెప్తే, ఆయన "నేను కోటలో ఇరుక్కున్నాను, కిటికీ లేదు, పైగా జ్వరం" అని చెప్పేవారు. పుస్తకంలో పాత్ర ఆడపిల్లైనా, ముసలి రాజైనా, మాట్లాడే తోడేలైనా సరే, ఆయన నోట్లో 'నేను' అయిపోయేది. మేం కూడా అలవాటుపడి ఫోన్ చేస్తే ఏం చదువుతున్నారని అడిగేవాళ్ళం కాదు, ఎక్కడున్నారని అడిగేవాళ్ళం. ఆయన షాపు మెట్ల మీద నిలబడి, "చంద్రుడి మీద. ఆక్సిజన్ అయిపోవచ్చింది" అని జవాబు చెప్తుంటే, అద్దాలు మార్చుకోడానికొచ్చిన జనం ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు.

షాపులో ఇంకో చోద్యం ఉండేది. దగ్గరచూపు పరీక్ష చెయ్యడానికి అందరూ అచ్చేసిన కార్డు ఇస్తారు కదా, ఆయన మాత్రం ఒక పాత తెలుగు జానపద నవలలో చిరిగిపోయిన పేజీకి అట్ట అంటించి ఇచ్చేవారు. రాకుమారుడు గుహలోకి వెళ్తాడు, లోపల ఏదో ఊపిరి పీలుస్తున్న చప్పుడవుతుంది, పేజీ అయిపోతుంది. ఘంటసాల ఊరి వైపు నుంచి వచ్చిన ఒక రైతు కొత్త కళ్ళజోడు పెట్టుకుని అది గడగడా చదివేసి, "లోపలున్నదేంటండీ?" అని అడిగితే, అన్నయ్యగారు, "తర్వాతి పేజీ నా దగ్గర లేదండి, నాకూ తెలీదు" అన్నారట. ఆ రైతు మళ్ళీ బందరు వచ్చినప్పుడల్లా షాపులోకి తొంగిచూసి, "దొరికిందాండీ?" అని అడిగి వెళ్ళేవాడు.

ప్రతి బుధవారం ఆయన కోడూరు వెళ్ళేవారు. అక్కడ తెలిసినాయన ఎరువుల కొట్టు వెనక గదిలో కూర్చుని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకి కళ్ళు చూసి, అద్దాలు కావాలంటే రాసుకుని, తర్వాతి వారం తయారుచేసి పట్టుకెళ్ళి ఇచ్చేవారు. బందరు నుంచి కోడూరుకి బస్సులో చాలాసేపు పడుతుంది. ఆ ప్రయాణమంతా ఆయనకి చదువుకునే వేళ.

ఒక కార్తీకమాసంలో నా దగ్గరున్న నవల ఒకటి ఆయనకి ఇచ్చాను. ఎక్కడో సముద్రం మధ్య ఒక ద్వీపం. నీళ్ళు రాకుండా చుట్టూ పెద్ద గోడ. ఆ గోడ మీద కాపలా ఉండే ఒక చిన్నపిల్లే కథ చెప్తుంది. నేను ఎప్పటిలాగే రెండు రోజుల్లో ముగించి పరామర్శ అందుకున్నాను. ఆయన నెల తర్వాత కూడా మొదటి సగంలోనే ఉన్నారు.

ఆ బుధవారం బంగాళాఖాతంలో అల్పపీడనమని టీవీలో చెప్తున్నారు. మబ్బు పట్టి ఉంది. నా షాపులో బేరాల్లేక నేనే ఆయనకి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నారన్నయ్యగారూ?"

"గోడ మీదున్నాను చెల్లెమ్మా." ఆయనది మామూలుగానే పెద్ద గొంతు, బస్సులో ఇంకా పెద్దది. "నీళ్ళు బయల్దేరాయి. ఇంకో పూటలో వచ్చేస్తాయి. పైవాళ్ళకి ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు చూడు! పెద్దపెద్దోళ్ళందరూ పడవలెక్కి వెళ్ళిపోయారు. ఊళ్ళో జనం హాయిగా వంటలు చేసుకుంటున్నారు."

"మరి గంట కొట్టొచ్చుగా?"

"గంట కూడా పట్టుకుపోయారు! ఏం మనుషులో!"

అప్పుడు ఫోన్లోంచే ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. "బాబూ, ఎప్పుడొస్తయ్యంట నీళ్ళు?" ఆ వెంటనే ఇంకెవరో "ఏంటంట? ఏంటంట?" అన్నారు. ఆ తర్వాత గోలలో ఏమీ అర్థం కాలేదు, ఫోన్ ఆగిపోయింది.

బస్సు అప్పటికి అవనిగడ్డ దాటిందట. దివిసీమ మనుషుల ముందు ఆ మాటలు ఎవరూ సరదాకి కూడా అనరు. అక్కడ డెబ్బై ఏడు ఉప్పెన చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, చూడనివాళ్ళు విని పెరిగారు. క్షణంలో బస్సు లేచి నిలబడింది. ఒకాయన చెరువు దగ్గరున్న కొడుక్కి ఫోన్ చేసి "అన్నీ వదిలేసి పిల్లల్ని తీసుకుని బయటికొచ్చెయ్యి" అని అరుస్తున్నాడు. కండక్టరు డిపోకి ఫోన్ చేశాడు. అన్నయ్యగారు సీటు మీదకి ఎక్కినంత పనిచేసి, పుస్తకం పైకెత్తి, "ఇందులోనండీ! నీళ్ళు ఇందులో వస్తున్నాయండీ!" అని మొత్తుకున్నారట. దానికొకాయన, "ఓహో, గవర్నమెంటువాళ్ళు పుస్తకం కూడా వేశారా?" అన్నాడట. అది కథ అని అందరికీ ఎక్కేసరికి కోడూరు దగ్గరపడింది. ఆ తర్వాత ఆయనకి పడిన తిట్లు ఆయనే మాకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

తిట్టనిది ఒక్కావిడే. ముందుగా అడిగిన ఆవిడే. అరవై దాటిన మనిషి, సముద్రం పక్క ఊరు, ఎండుచేపలు అమ్ముకుని ఇంటికి వెళ్తోంది. కమ్మీ పట్టుకుని లేచి నిలబడిన మనిషి, కథేనని తెలిశాక మెల్లగా కూలబడి, తట్టలోంచి కింద పడిన చేపలు ఏరుకుందట. ఆవిడ అలా కూలబడటం ఆయన కళ్ళలోంచి పోలేదు.

తర్వాతి ఆదివారం గదిలో ఆయన వంతు వచ్చింది. "నేనేం చదవటం లేదు" అన్నారు. ఆ గదిలో ఆ మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. మేం ఎంత ఎగతాళి చేసినా నవ్వలేదు. నాకు నిజంగా భయమేసింది. ఆ మనిషి చదవడం మానేస్తే మా ఆదివారాలు ఏమవుతాయి? ఆయన్ని ఎక్కడున్నారని అడిగితే "షాపులో" అని చెప్తే ఇక మాట్లాడుకోడానికి ఏముంటుంది?

ఆయన్ని మళ్ళీ పుస్తకం తెరిపించింది మేం కాదు, ఆ ఎండుచేపలావిడే. ఒక బుధవారం కోడూరులో ఎరువుల కొట్టు వెనక గదిలోకి వచ్చి, తట్ట గుమ్మం బయట దించి, కళ్ళు చూపించుకునే బల్ల మీద కూర్చుందట.

"చూపు ఆనటం లేదా అక్కా?" అని అడిగారు ఈయన, తల ఎత్తకుండానే.

"చూపు బానే ఉంది. ఆ గోడోళ్ళు ఏమయ్యారో చెప్పు."

"ఇంకా అక్కడిదాకా చదవలేదక్కా."

"అయితే చదివిందాకా చెప్పు."

ఈ సంగతి మాకు చెప్తున్నప్పుడు ఆయన మొహం చూడాల్సింది. "మన రూలు ఆవిడకి ఎవరు చెప్పారు చెల్లెమ్మా!" అని ఒకటే సంబరం. ఇక ప్రతి బుధవారం ఆవిడ రావడం, ఆయన బస్సులో చదివినంతవరకూ చెప్పడం. ఆవిడకోసం కొంచెం ఎక్కువ పేజీలు లాగించేవారు కూడా. ఆవిడ ఊరికే వినేది కాదు. గోడకి కన్నం పడితే సంచులు ఎట్టా వెయ్యాలో, పిల్లల్ని ముందు ఎటు పంపాలో చెప్పేది. "మా కాపలాపిల్లకి ఆవిడ చెప్పిన సలహా ఒక్కటీ అందటం లేదు, అదీ నా బాధ" అనేవారు ఆయన.

కొన్ని వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, ముందు ఫోనైనా చెయ్యకుండా ఆయన గుడివాడలో నా షాపుకి వచ్చారు. ఎవరికో బీపీ మాత్రలు కట్ చేసి ఇస్తున్నాను. ఆ మనిషి వెళ్ళేదాకా ఆగి, కౌంటరు మీదకి వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"చెల్లెమ్మా, ఆ పుస్తకం చివర్లో వాళ్ళు బతుకుతారా?"

నేను విన్నది నిజమేనా అనిపించింది. "ముగింపు అడుగుతున్నారా? మీరు?"

"అడుగుతున్నాను. ఆటలాడకు. ఆవిడ ఉప్పెనలో చిక్కుకుని బతికిన మనిషట. ఎరువుల కొట్టాయన నిన్న ఫోన్లో చెప్పాడు. ఎవరెవర్ని పోగొట్టుకుందో ఏమో. అలాంటి మనిషికి వారంవారం నీళ్ళ కథ చెప్తున్నాను, నా బుద్ధి కాలిపోను. చెప్పు, బతుకుతారా?"

ఆటపట్టించే సరదా పోయింది నాకు. ఉన్నది చెప్పాను. గోడ పడిపోతుంది. కొందరు కొండ ఎక్కుతారు, చాలామంది ఎక్కలేరు. కాపలాపిల్ల తమ్ముడు కూడా ఆమె చేతిలోంచే పోతాడు. ఆయన స్టూలు మీద కూర్చుండిపోయారు.

"ఇక్కడితో ఆపెయ్యండి" అన్నాను.

"ఆపితే ఆవిడ ఊరుకోదు."

"అయితే మార్చి చెప్పండి. అందరూ బతికారని చెప్పండి. ఆవిడేం చదివి చూస్తుందా?"

కావాలని తప్పు పవరు అద్దం పెట్టమని నేను అడిగినట్టు చూశారు నావైపు. మంచినీళ్ళు తాగి, లేచి, గుమ్మం దగ్గర ఆగి, "ఈ బుధవారం నువ్వూ రా చెల్లెమ్మా. పక్కన ఒక మనిషుంటే బావుంటుంది" అన్నారు.

వెళ్ళాను. దారిపొడవునా ఆయన పుస్తకం తెరవలేదు. కిటికీలోంచి కోతలైన చేలు చూస్తూ కూర్చున్నారు. కోడూరు చేరేసరికి ఆవిడ మాకంటే ముందే వచ్చి ఉంది. సన్నగా, గట్టిగా ఉన్న మనిషి. నన్ను చూసి, "ఈ అమ్మాయి నీ చెల్లెలా?" అని అడిగి, ఆయన ఔననగానే పక్కకి జరిగి చోటిచ్చింది.

అన్నయ్యగారు మొదలుపెట్టారు. గోడ పగిలింది. నీళ్ళొచ్చాయి. పరిగెత్తాం. అంతవరకూ ఎప్పటిలాగే చెప్పారు. ఆ తర్వాత గొంతు మారింది, తొందర వచ్చింది. "అందరూ కొండెక్కేశారక్కా. తెల్లారేసరికి నీళ్ళు తీసినయ్. అంతే, అయిపోయింది."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది.

"అందరూనా?"

"అందరూ."

"ముసలోళ్ళు? మంచం మీదున్నోళ్ళు?"

"అందరూ అక్కా."

ఆవిడ నావైపు తిరిగింది. "నువ్వూ చదివావంటగా. అందరూ ఎక్కారా అమ్మా?" నేను తల వంచుకున్నాను. ఇంకేం చెయ్యను!

"నీళ్ళొస్తే అందరూ ఎక్కరు తమ్ముడూ," అంది ఆవిడ, కోపం లేకుండా. "మా ఊళ్ళో ఎక్కలా. నేను తాడిచెట్టు పట్టుకున్నా. మా చెల్లి చెయ్యి నా చేతిలోనే ఉంది, జారిపోయింది. మీ గోడోళ్ళు అందరూ ఎక్కేశారంటే, మా చెల్లి ఒక్కత్తే ఎక్కలేకపోయినట్టు అయిద్దిగా?"

బయట ఎరువుల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. అన్నయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు. సంచీలోంచి పుస్తకం తీసి, చివరి పేజీల దగ్గర తెరిచి ఒళ్ళో పెట్టుకున్నారు. చెప్పడం మళ్ళీ మొదలుపెట్టారు.

"అందరూ ఎక్కలేదక్కా. సగంమంది కూడా ఎక్కలేదు. మా తమ్ముడి చెయ్యి నేను పట్టుకున్నాను. ఇద్దరం కొండ అంచుకి వచ్చేశాం. అక్కడ జారిపోయాడు."

పుస్తకంలోని పిల్లని ఆయన 'నేను' అనడం మాకు అలవాటే. ఆవిడకీ ఈ వారాల్లో అలవాటైపోయినట్టుంది. ముందుకి వంగి, ఆయన కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"గట్టిగానే పట్టుకున్నావుగా?"

ఆయన పుస్తకంలోకి చూడలేదు. "పట్టుకున్నానక్కా. రెండు చేతులతో పట్టుకున్నాను."

"మరి నీ తప్పేముంది? నీళ్ళు అట్టాంటియ్యి. మన పట్టు చాలదు."

ఆ మాటంటూ ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని, మణికట్టు దగ్గర రెండుసార్లు తట్టింది. ఇన్నేళ్ళుగా ఆవిడకి ఆ మాట ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలీదు. నాకు ఏడుపొచ్చింది. అన్నయ్యగారికీ వచ్చింది. ఆవిడకి మాత్రం రాలేదు. మొహం తేటపడి, కొంగుతో మెడ తుడుచుకుని, "కొండెక్కినోళ్ళు తర్వాత ఏం తిన్నారు?" అని అడిగింది. అది పుస్తకంలో లేదని ఆయన చెప్పారు. "అదేం పుస్తకం! అసలు కష్టం అప్పుడేగా" అని, నీళ్ళు తీశాక తాము బావి ఎలా తోడుకున్నారో, ఉప్పెక్కిన పొలంలో మళ్ళీ మొదటి పంట ఎప్పుడొచ్చిందో చెప్పుకుంటూ పోయింది. అన్నయ్యగారు నోరు తెరుచుకుని విన్నారు. ఎరువుల కొట్టాయన తెప్పించిన టీలు చల్లారిపోయాయి. నాకు ఆ మధ్యాహ్నం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

పొద్దు వాలుతుంటే ఆవిడ లేచి తట్ట అందుకుంది. గుమ్మం దాటినది మళ్ళీ వెనక్కి తిరిగింది.

"వచ్చే బుధవారం ఇంకోటి చెప్పు తమ్ముడూ. ఈసారి నీళ్ళు లేనిది చూడు."

"అట్టాగే అక్కా" అన్నారు అన్నయ్యగారు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా చూసి, కళ్ళు ఒత్తుకుని, నావైపు తిరిగారు.

"చెల్లెమ్మా, మీ ఇంట్లో ఎడారి గ్రహాలేమన్నా ఉన్నాయా?"